కుండ అడుగున అతిమధురం

2022 జనవరి. నారాయణఖేడ్‌లో బస్ డిపోకు పోయే దారిలో మా మందుల దుకాణం. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఫార్మసిస్టుగా పనిచేసి, పదవీ విరమణ తరువాత ఊరికే కూర్చోవడం చేతకాక తెరిచిన దుకాణమది. ఫార్మసిస్టు అంటే చీటీ చదివి బిళ్లలు అందించేవాడని లోకాభిప్రాయం. చీటీ చదవడం మా పనిలో చిన్న భాగం. ఎదురుగా నిలబడ్డ మనిషి ఇంకా ఏమేమి వాడుతున్నాడు, ఏ మందుకు ఏ మందుతో పొసగదు, ఏ బిళ్ల ఏ ఒంటికి పడదు అని తెలుసుకోవడమే అసలు పని. దీనిని మా వృత్తిలో డ్రగ్ హిస్టరీ అంటారు. పేరు పెద్దదే గాని, నాలుగు ప్రశ్నలు అడిగి నాలుగు నిజమైన జవాబులు రాబట్టడం తప్ప అందులో మరేమీ లేదు. ప్రశ్నలు అడగడం సులభం. జవాబుల సంగతి చెప్పడానికే ఈ వ్యాసం.

కరోనా మూడోసారి వచ్చిన చలికాలమది. ఈసారి జబ్బు తేలికగా పోతోందని డాక్టర్లు చెబుతున్నా, అంతకు ముందరి వేసవిని చూసినవారు నమ్మే స్థితిలో లేరు. ఎవరైనా దగ్గితే చాలు, దుకాణం ముందు వరుస చెదిరిపోయేది. మందు అడగడానికి వచ్చేవారికంటే నాకు మందు చెప్పడానికి వచ్చేవారు ఎక్కువయ్యారు. ఒకరు తిప్పతీగ అంటారు, మరొకరు నేలవేము అంటారు, ఇంకొకరు తమ ఫోను నా కళ్లజోడుకు తగిలేంత దగ్గరగా పెట్టి "గిది చూడు సార్, ఫారిన్ల గూడ చెప్పిండ్రు" అంటారు. ముందు వరుసలో నిలబడండి, తరువాత విదేశాల సంగతి చూద్దాం అని చెప్పి చెప్పి నా గొంతు రాసుకుపోయింది. దానికీ ఒకరు కషాయం చెప్పారు.

బస్వరాజ్ ఆ రోజుల్లో నెలకోసారి మా దుకాణానికి వచ్చేవాడు. కంగ్టి మండలంలో ఒక ఊరు అతనిది. కందీ పత్తీ పండే సొంత భూమి ఉంది. బీయస్సీ పూర్తిచేసి సేద్యంలో స్థిరపడినవాడు, మాట మర్యాద తెలిసినవాడు. తండ్రి ముందరి వేసవిలో కరోనాతో పోయాడు. ఆక్సిజన్ పడక కోసం తిరిగిన తిరుగుడు గురించి అతడు ఎన్నడూ మాట్లాడడు. తల్లి మాణెమ్మకు బీపీ ఉంది. ఆమె బిళ్లలు కొనడానికే అతడు వచ్చేది.

ఆ జనవరిలో అతడు తెచ్చిన చీటీ చూసి నాకు అనుమానం కలిగింది. బీపీ బిళ్ల మోతాదు అప్పటికే ఒకసారి పెంచారు. ఇప్పుడు దానికి తోడు ఒక డైయూరెటిక్ రాశారు. డైయూరెటిక్ అంటే ఒంట్లోని అదనపు నీటిని, ఉప్పును మూత్రం ద్వారా బయటికి పంపే బిళ్ల. మంచి మందే. కాని ఏళ్ల తరబడి ఒక చిన్న బిళ్లతో అదుపులో ఉన్న బీపీ ఉన్నట్టుండి ఎందుకు మొండికేసింది?

"మీ అమ్మ వేరే మందులేమైనా వాడుతున్నదా?" అని అడిగాను.

"లేవు సార్."

"ఏవీ లేవా?"

"ఏం లేవు. డాక్టర్ గూడ గిదే అడిగిండు. లేవనే చెప్పిన." అని, అంతటితో ఆగక ఫోను తీశాడు. "సార్, ఒక్క మాట. గీ గ్లైసిరైజిన్ అంటే అతిమధురంల ఉండేదే గదా?"

"అవును."

"వైరస్‌ను ఆపుతదని రాసిండ్రు. అబద్ధమా?"

"అబద్ధమని నేననలేదు. ఎక్కడ ఆపిందో చదివావా?"

"ల్యాబ్‌ల."

"ల్యాబ్‌లో దేనిలో?"

అతడు తెర మీద వేలు జరిపి చదివాడు. "కణాలల్ల. గిన్నెలల్ల పెంచిన కణాలంట."

దీనిని ఇన్ విట్రో ప్రయోగం అంటారు. శరీరం బయట, గాజు లేదా ప్లాస్టిక్ గిన్నెలో కణాలను పెంచి, వాటి మీద వైరస్‌ను వదిలి, ఆపైన మొక్క నుంచి తీసిన పదార్థాన్ని వేసి చూస్తారు. అది శాస్త్రమే, అవసరమైన మొదటి మెట్టే. నేను మొక్కలకు విరోధిని కాను. కళాశాలలో వేళ్లనూ బెరళ్లనూ పలుచగా కోసి మైక్రోస్కోపు కింద పెట్టి గుర్తించడం మా చదువులో ఒక పూర్తి సబ్జెక్టు. మలేరియాకు మొదటి మందు చెట్టు బెరడు నుంచే వచ్చింది. శ్వాసకోశపు వైరస్‌లకు రేపు ఒక మందు ఏదో ఒక వేరు నుంచి రావచ్చు కూడా. కాని గిన్నెకు మూత్రపిండాలు ఉండవు. గిన్నెకు గుండె లేదు, బీపీ రాదు. ఆ పదార్థం మనిషి నోట్లో పడి, కడుపు దాటి, ఊపిరితిత్తుల దాకా తగినంత చేరుతుందా, చేరే దారిలో ఇంకేమి పాడుచేస్తుంది అన్నవి మిగిలిన ప్రశ్నలు. వాటికి జవాబులు రావడానికి ఏళ్లు పడుతుంది. పత్రికలో శీర్షిక రావడానికి ఒక పూట చాలు.

ఇదంతా అతనికి వివరించాను. వెనకనున్న వారు గొణుగుతున్నా వివరించాను. అతడు తల ఊపుతూ శ్రద్ధగా విన్నాడు. చివరికి నాకు స్ఫురించి అడిగాను. "ఇంతకూ మీ ఇంట్లో అతిమధురం వాడుతున్నారా?"

"తాగుతున్నం సార్. కషాయం. శొంఠి, మిరియాలు, తులసి, అతిమధురం."

"మందులేమీ లేవన్నావు కదయ్యా."

"మందు కాదు గద సార్. తియ్యగుంటది. పోరగాండ్లు గూడ తాగుతరు."

ఆ వాక్యం విని నేను కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాను. చేదుగా ఉంటే మందు, తీయగా ఉంటే తిండి. బీయస్సీ చదివిన మనిషి డాక్టరు ప్రశ్నకు ఈ లెక్కన జవాబు చెప్పి వచ్చాడు. అతిమధురంలోని ఆ గ్లైసిరైజినే శరీరం ఉప్పును పట్టి ఉంచుకునేలా చేసి బీపీని పెంచుతుందని, పొటాషియం అనే లవణాన్ని మూత్రంలో పోగొడుతుందని చెప్పాను. పొటాషియం తగ్గితే కండరాలు పట్టు తప్పుతాయి, గుండె లయ తప్పుతుంది. పైగా కొత్తగా రాసిన డైయూరెటిక్ కూడా పొటాషియాన్ని బయటికి పంపేదే. "మీ అమ్మకు ఈ కషాయం పూర్తిగా మానిపించు. ఈ బిళ్ల మొదలుపెట్టే ముందు డాక్టరుకు ఫోను చేసి కషాయం సంగతి చెప్పు" అన్నాను.

"సరే సార్" అన్నాడు. 'సరే సార్' అన్న మాట విని నమ్మే వయసు నాకు ఎన్నడో దాటిపోయింది, అయినా నమ్మాను.

ఫిబ్రవరిలో ఒక ఉదయం దుకాణం ముందు ఆటో ఆగింది. బస్వరాజ్ దిగి, నువ్వుల నూనె, దూది, తల్లి బీపీ బిళ్లలు అడిగాడు. ముఖం పీక్కుపోయి ఉంది.

"ఎవరికి?"

"అవ్వకు పక్షవాతం వచ్చింది సార్. నిన్నటిసంది లేస్తలేదు. నాగల్‌గిద్ద దాటినంక, కర్ణాటకల ఒకాయన పసరు పోస్తడంట. ఇయ్యాల్నే పోస్తడంట, మళ్ల వారం దాక పొయ్యడంట. జల్దీ ఇయ్యి సార్."

నేను బల్ల దాటి బయటికి వచ్చాను. దుకాణం మధ్యలో వదిలి రావడం నా నియమం కాదు. ఆటో వెనక సీటులో మాణెమ్మ, తన కోడలు సంగమ్మ ఒడిలో తల పెట్టుకుని పడుకుని ఉంది. పాదాలు వాచి ఉన్నాయి. నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వులో మూతి వంకర లేదు. మాట స్పష్టంగా ఉంది. చేతులు రెండూ ఎత్తమంటే నెమ్మదిగా, వణుకుతూ, సమానంగా ఎత్తింది. కాళ్లు మాత్రం రెండూ కదలలేదు.

పక్షవాతం సాధారణంగా ఒక పక్కను పట్టుకుంటుంది. ఇది రెండు పక్కలా సమానంగా ఉంది.

"ఏమమ్మా, ఎప్పటి నుంచి ఇలా?"

"పది పదిహేను దినాలసంది పిక్కలు గుంజుతుండె సారూ. నిన్న పొద్దుగాల లేవబోతె కాళ్లు నా మాట ఇంటలేవు. కోడలు లెక్కనే అయినయి."

సంగమ్మ అత్త నుదురు తుడుస్తూ అంది. "కోడలు మాట ఇనవట్టే గద అత్తా, దినాం గంత చిక్కటి కషాయం నీకు పెడ్తున్న."

నేను బస్వరాజ్ వైపు తిరిగాను. అతడు చూపు తప్పించలేదు. తప్పుచేసినవాడి చూపు కాదది. "తగ్గించిన సార్. మానిపియ్యనీకి భయమైంది గాని, సగానికి సగం తగ్గిపిచ్చిన. ఇంట్ల ఆరుగురం తాగుతున్నం. ఎవ్వలికి ఏం కాలే. అవ్వకొక్కదానికే ఎట్లయితది?"

"డాక్టరుకు చెప్పావా?"

"చెప్పలే సార్."

ఆరుగురు తాగితే ఒకరికే ఎందుకయింది? ప్రశ్న న్యాయమైనదే. ఆమెకు బీపీ ఉండడం, డైయూరెటిక్ వేసుకోవడం, వయసు, ఇవన్నీ కారణాలే. అయినా అతడు సగం తగ్గించిన తరువాత ఈ స్థితి రావడం నాకు అంతుపట్టలేదు. అందుకే సంగమ్మను అడిగాను. "కషాయం ఎలా కాస్తావో మొదటి నుంచీ చెప్పమ్మా."

ఆటో డ్రైవరు హారన్ కొట్టాడు. నేను అతని వైపు చూశాను. మళ్లీ కొట్టలేదు.

సంగమ్మ చెప్పింది. పొద్దున్నే కుండ పొయ్యి మీద పెడుతుంది. మొదటి తేట పిల్లలకు. ఇంకా కొంత నీళ్లు పోసి మరిగించి, చేనుకు పోయే ముందు తానూ భర్తా తాగుతారు. కుండ సన్నటి సెగ మీద అలాగే ఉంటుంది. పొద్దుగూకే వేళకు అడుగున నల్లగా, తేనెపాకంలా మిగిలినది మాణెమ్మకు. ఆ ఇంట్లో మొదటి నుంచీ అదే పద్ధతి. పాల మీది మీగడైనా, పప్పు అడుగున చిక్కబడ్డదైనా ఇంటి పెద్దకే. సారమంతా అడుగునే ఉంటుందని వారి నమ్మకం. ఈ విషయంలో ఆ నమ్మకం అక్షరాలా నిజం.

"అతిమధురం కట్టెలు సగం తగ్గించానన్నాడు నీ భర్త."

"ఏసుడు సగమే ఏస్తున్న సార్. పాతయి పారెయ్యం గద. వాటిల్ల సారం పోలే. వాటి మీద్నే కొత్తయి ఏస్త."

"ఉడికిన కట్టెలు ఎప్పుడు తీస్తావు?"

సంగమ్మ జవాబు చెప్పే ముందే మాణెమ్మ అంది. "నేనే తీసుకుంట సారూ. నములుత. మా ఆయన పోయినంక తంబాకు ఇడిసిన. నోరు ఊకుంటదా మరి?"

నేను ఆటో కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. కోప్పడడానికి ఎవరూ దొరకలేదు. కొడుకు భయంతో కాపాడుతున్నాడు, కోడలు మర్యాద ప్రకారం పెద్దకు మంచిది పెడుతోంది, అత్త కోడలి మాట కాదనకుండా తాగుతోంది. ముగ్గురూ తమ తమ ధర్మం తప్పకుండా పాటించి ఒక మనిషిని ఇక్కడిదాకా తెచ్చారు. ఎవరైనా ఒకరు కొంచెం అశ్రద్ధ చేసి ఉంటే బాగుండేది.

"బస్వరాజ్, ఇది పక్షవాతమని నేననుకోవడం లేదు. పొటాషియం పడిపోయింది. ముందు ఇక్కడి దవాఖానకు తీసుకుపో. ఒక రక్త పరీక్ష, ఒక ఈసీజీ. గుండె లయను కాగితం మీద గీసే పరీక్ష అది, ఎంతో సేపు పట్టదు."

"పసరాయన ఇయ్యాల్నే పోస్తడు సార్. దవాఖానకు పోయి వచ్చేసరికి పొద్దువోతది."

"పసరు వచ్చే వారం కూడా ఉంటుంది."

"వచ్చే వారం దాక ఆగితే కాళ్లు మొత్తం పోతయన్నరు."

"దారిలో గుండె ఆగితే కాళ్లతో పనేముంది?"

ఆ మాట అంత కఠినంగా అనవలసింది కాదని ఇప్పుడెవరైనా అంటే నేను ఒప్పుకోను. అతడు తల్లి వైపు చూశాడు. "సార్, మా బాపును దవాఖానలనే ఇడిసిపెట్టి వచ్చిన. ఇగ అవ్వను గూడ..." అని ఆగిపోయాడు.

డ్రైవరు తల వంచుకున్నాడు. దుకాణం ముందు వరుసలో నిలబడ్డ నలుగురూ అడగకుండానే పక్కకు జరిగి ఆటోకు దారి ఇచ్చారు. ఆ చలికాలంలో నేను చూసిన ఏకైక క్రమశిక్షణ అది.

మాట్లాడింది మాణెమ్మే. "బస్వా, దవాఖానకే తోలుమను. గా పసరాయన నోట్లె ఏం పోస్తడో నాకు తెల్వది, నీకు తెల్వది. గీ సారు ఇంత రక్తమే అడుగుతుండు. ఇచ్చి చూద్దాం. తిరిగియ్యమంటె ఇయ్యడు గాని."

నేనూ ఆటోలో డ్రైవరు పక్కన కూర్చుని వెళ్లాను. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరమ్మకు బిళ్లల పేర్లు, కషాయం సంగతి, కుండ సంగతి వరుసగా చెప్పాను. ఆమె ఈసీజీ కాగితం చేతిలోకి తీసుకుని చూసి, ప్రశ్నలు ఆపి నర్సును పిలిచింది. రక్త పరీక్షలో పొటాషియం ఉండవలసిన దానికంటే చాలా కిందికి పడిపోయి ఉంది. డైయూరెటిక్ ఆపించారు. గుండెను మానిటర్ మీద చూసుకుంటూ సెలైన్ ద్వారా పొటాషియం నెమ్మదిగా ఎక్కించారు. దానిని వేగంగా ఎక్కించకూడదు. తక్కువైతే ఎంత ప్రమాదమో, ఒక్కసారిగా ఎక్కువైనా అంతే ప్రమాదం. డాక్టరమ్మ బస్వరాజ్‌తో ఒకే మాట అంది. "కర్ణాటక దాకా పోయి ఉంటే ఈమె తిరిగి వచ్చేది కాదు."

మరునాడు మాణెమ్మ మంచం అంచున కూర్చుంది. ఆ మరుసటి రోజు కోడలి భుజం పట్టుకుని నిలబడింది. అతిమధురం ప్రభావం ఒంట్లోంచి పోవడానికి వారాలు పడుతుంది గనుక కొంతకాలం పొటాషియం మందు వాడారు. ఆపైన బీపీ పాత చిన్న బిళ్లకే దిగివచ్చింది. మొండికేసింది బీపీ కాదని తేలింది.

నా వరకు ఈ ఉదంతం అక్కడితో ముగిసిందనుకున్నాను. డ్రగ్ హిస్టరీ అడిగే తీరు మార్చుకున్నాను. మందులేమి వాడుతున్నారని అడగడం మానేసి, పొద్దున లేచినప్పటి నుంచి నోట్లోకి ఏమేమి పోతున్నదో చెప్పమంటున్నాను. దీని వల్ల ఒక్కొక్కరి దగ్గర చాలా సమయం పడుతోంది. నాగల్‌గిద్ద నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి జొన్న రొట్టె దగ్గర మొదలుపెట్టి అన్నదమ్ముల పంపకాల దాకా వెళ్లాడు. ఓర్చుకున్నాను.

ఎండలు ముదిరిన తరువాత ఒక రోజు మాణెమ్మ బస్సు దిగి, తన కాళ్ల మీద నడిచి, ఒక్కతే దుకాణానికి వచ్చింది. కృతజ్ఞతలు చెప్పడానికి వచ్చిందనుకున్నాను. ఆమె వచ్చింది కొట్లాటకు.

"సారూ, నా కషాయం మానిపిచ్చినవ్. మంచిగనే చేసినవ్. మరి మా వాని సంగతేంది?"

"వాడికేమయింది?"

"పరేషాన్ అయితుండు. నేను దగ్గితె ఉరికొస్తడు. దగ్గకపోతె ఎందుకు దగ్గుతలేవని వస్తడు. కుండ పొయ్యి మీదున్నన్ని దినాలు వానికి ధైర్యముండె. ఏదో చేస్తున్ననని. ఇప్పుడు వాని చేతుల ఏం లేదు. నువ్వు తీసుకున్నవ్, ఏం ఇయ్యలే."

ఒక చదువురాని మనిషి వేసిన అభాండంలా దానిని తీసిపారేయవచ్చు. కాని పరీక్షకు నిలిచే ఆరోపణ అని నాకు వెంటనే అర్థమైంది, అందుకే విసుగు వచ్చింది. నా వద్ద ఉన్నవి బిళ్లలు. కొడుకుల భయానికి బిళ్లలు రావు.

మరుసటి వారం అతణ్ణి పిలిపించి నిలబెట్టాను. ఒక బీపీ మెషిన్ ఇచ్చి, ఎలా చూడాలో చేయించి మరీ నేర్పాను. తల్లిని కాసేపు ఊరికే కూర్చోబెట్టి, మాట్లాడించకుండా, చేయి గుండె ఎత్తున పెట్టి చూడాలి. ఆమె పడుకునే గదికి గాలి వచ్చేలా కిటికీ తెరిచి ఉంచాలి. ఇంట్లో ఎవరికి జలుబు చేసినా మాస్కు పెట్టుకుని ఆమెకు దూరంగా ఉండాలి, ముందు అతడే. ఆమెకు బాకీ ఉన్న కరోనా టీకా వేయించాలి, ఫ్లూ టీకా గురించి డాక్టరును అడగాలి. జ్వరంతో ఆయాసం వస్తే ఏ ఆకూ వెతక్కుండా ఆసుపత్రికి తేవాలి. అతడు ప్రతి మాటా నాకు తిరిగి అప్పజెప్పాడు. తప్పు పోయిన చోట మళ్లీ చెప్పించాను.

ఈ కేసు నాకు నేర్పినది ఇదే. భయపడ్డవాడి చేతిలోని పనికిరాని వస్తువును లాక్కోవడంతో వైద్యం సగమే అవుతుంది. ఆ చేతికి పనికివచ్చే పని ఒకటి అప్పగించాలి. లేకపోతే ఆ చేయి మరో కుండను వెతుక్కుంటుంది. మొక్కల్లో ఏమున్నదో ప్రయోగశాలలు తేలుస్తాయి. మనుషులు ఆ మొక్కలను ఎందుకు మరిగిస్తున్నారో తెలుసుకోవడం దుకాణంలో కూర్చున్నవాడి వంతు.

దీనికి నేను చెల్లిస్తున్న మూల్యం చిన్నది కాదు. నా పూజ ముగియక ముందే ఫోను మోగుతుంది. బీపీ వారానికి ఒకసారి చూస్తే చాలని ఎన్నిసార్లు చెప్పినా బస్వరాజ్ వినడు. ఇవాళా మోగింది.

"సార్, బీపీ మంచిగనే ఉంది."

"సరే. మీ అమ్మకు ఫోను ఇవ్వు."

"లేదు సార్. శేనుకు పోయింది. కంది కట్టెలు ఏరుకొస్తదంట. వద్దంటె ఇంటదా?"

"నడిచే పోయిందా?"

"నడిచే పోయింది సార్."

ఫోను పెట్టేసి పూజ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను.